బాట మారదు, వేగం మారుతుంది: చిన్న కమతాల్లో యంత్రాల వేగ ప్రణాళిక

నిర్ణీతమైన బాట మీద నడిచే వాహనం ఏ చోట ఎంత వేగంతో సాగాలి? రోబోల నిపుణులు, రైల్వే ఇంజనీర్లు దశాబ్దాలుగా ఈ ప్రశ్నకు గణిత పద్ధతులతో సమాధానాలు వెతుకుతున్నారు. ఇప్పుడు అదే ప్రశ్న మన పొలాల గట్ల దాకా వచ్చింది. పిచికారీ డ్రోన్‌కు ఎగరవలసిన బాటను ముందే గీసి ఇస్తున్నాము. ఉపగ్రహ సంకేతాలతో తనంతట తాను దారి పట్టే ట్రాక్టర్లు విదేశీ క్షేత్రాల్లో ఇప్పటికే సాధారణమైనాయి. బాటను ఎలా గీయాలన్న విషయంపై శిక్షణలో ఎంతో శ్రద్ధ కనబడుతుంది. ఆ బాట మీద వేగాన్ని ఎలా పంచాలన్నది మాత్రం తయారీదారు పెట్టిన అమరికకే వదిలివేస్తున్నాము. చిన్న కమతాలు గల ప్రాంతంలో మందు మోతాదు, పని సమయం, పైరు భద్రత ఈ రెండో నిర్ణయంపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటాయని లెక్కలతో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఏర్పేడు నేపథ్యం

తిరుపతి, శ్రీకాళహస్తి పట్టణాల మధ్య ఉన్న ఏర్పేడు ఈ చర్చకు తగిన చోటు. 2015లో ప్రారంభమైన ఐఐటీ తిరుపతి శాశ్వత ప్రాంగణం ఈ మండలంలోనే ఉన్నది. జాతీయ సైబర్ భౌతిక వ్యవస్థల మిషన్ కింద ఆ సంస్థలో ఏర్పడిన నవావిష్కార్ ఐ-హబ్‌కు కేటాయించిన రంగం స్థాన నిర్ధారణ, కచ్చితత్వ సాంకేతికతలు. మరొకవైపు తిరుపతిలో 1961లో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర వ్యవసాయ కళాశాల, ధరణి వంటి వేరుశనగ రకాలను అందించిన ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నాయి. యంత్రం ఎక్కడ ఉన్నదో చెప్పగల విద్య, పైరుకు ఏమి కావాలో చెప్పగల విద్య ఇక్కడ ఇరుగుపొరుగులుగా ఉన్నాయి.

ఈ రెండింటి నడుమ ఉన్నవి చెరువుల కింది వరి కయ్యలు, మెట్ట మీది వేరుశనగ చేలు, మామిడి తోటలు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు. ఆ కమతం కూడా తరచు ఒకే చెక్కగా ఉండదు. గెనిమలతో, కాలువలతో ముక్కలై ఉంటుంది. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో కార్స్ కేంద్రాలను, రోవర్లను, డ్రోన్లను వినియోగించారు. పొలం హద్దులు అక్షాంశ రేఖాంశాలుగా నమోదైనప్పుడు యంత్రానికి బాట గీయడం సులభమవుతుంది. 2021 ఆగస్టులో డ్రోన్ నియమావళి, అదే ఏడాది డిసెంబరులో పురుగుమందుల పిచికారీకి కేంద్ర వ్యవసాయ శాఖ ప్రామాణిక కార్యవిధానం వెలువడ్డాయి. స్వయం సహాయక సంఘాలకు 15,000 డ్రోన్లు అందించే నమో డ్రోన్ దీదీ పథకానికి 2023 నవంబరులో ఆమోదం లభించింది. చిన్న మడుల మీద ఎగిరే యంత్రాల సంఖ్య పెరుగుతున్న ఈ దశలోనే వాటి వేగ ప్రణాళికను పరిశీలించడం అవసరం.

కాలానికి బదులు దూరం

వాహన గమనాన్ని మనం సాధారణంగా కాలంతో వర్ణిస్తాము: ఇన్ని సెకన్లకు ఇక్కడ, మరిన్ని సెకన్లకు అక్కడ అని. బాట ముందే నిర్ణయమైనప్పుడు ఇంతకన్న అనువైన మార్గం ఉన్నది. బాట వెంట మొదటి నుంచి కొలిచిన దూరాన్ని ఆధార చలరాశిగా తీసుకొని, ప్రతి దూరం వద్ద వేగం ఎంత అని అడగడమే ఆ మార్గం. మలుపు, మెరక, కరెంటు తీగ, గట్టు ఇవన్నీ ఫలానా దూరం వద్ద ఉంటాయి గాని ఫలానా సెకనులో ఉండవు. కాబట్టి హద్దులన్నీ దూరంతోనే సహజంగా చెప్పబడతాయి.

సేద్యంలో ఈ సూత్రం కొత్తది కాదు. గొర్రు వెనుక నడుస్తూ జడ్డిగంలో గింజలు వదిలే స్త్రీ గడియారాన్ని చూడదు. ఎద్దుల నడకను చూస్తుంది. అవి నెమ్మదిస్తే ఆమె చేయి నెమ్మదిస్తుంది, అవి ఆగితే ఆగుతుంది. గింజ పడే తీరు కాలానికి కాక దూరానికి కట్టుబడి ఉన్నది. ట్రాక్టరుతో నడిచే విత్తు యంత్రాల్లో నేలచక్రం నుంచి గింజల పళ్లేనికి గొలుసు అమర్చడంలోని మర్మమూ ఇదే. వానాకాలపు వేరుశనగకు సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు ఉండాలంటే ట్రాక్టరు సెకనుకు 1 మీటరు నడిచినప్పుడు ప్రతి సాలులో సెకనుకు 10 గింజలు, 2 మీటర్లు నడిచినప్పుడు 20 గింజలు పడాలి. నేలచక్రం ఆ లెక్కను తానే చూసుకుంటుంది. అయితే దానికీ పరిమితి ఉన్నది. వేగం మితిమీరితే పళ్లెం గుంటల్లో గింజ కుదురుకునే వ్యవధి చాలదు. చక్రం జారితే అంతరం పెరుగుతుంది. పనిముట్టే వాహనానికి వేగ పరిమితి విధిస్తుందన్న సంగతి ఇక్కడ గమనించాలి.

వేగవర్గం చేసే మేలు

దూరాన్ని ఆధారంగా తీసుకున్న తరువాత మరొక చిన్న మార్పు గణితాన్ని ఎంతో తేలిక చేస్తుంది. వేగానికి బదులు వేగవర్గాన్ని, అంటే వేగాన్ని దానితోనే గుణించగా వచ్చిన విలువను తెలియని రాశిగా తీసుకోవాలి. పాఠశాలలో నేర్చిన సూత్రం ప్రకారం స్థిర త్వరణంతో కొంత దూరం సాగితే వేగవర్గంలో వచ్చే మార్పు త్వరణానికి, ఆ దూరానికి ఉన్న లబ్ధానికి రెట్టింపు. అంటే త్వరణ పరిమితి వేగవర్గంలో సరళరేఖగా మారుతుంది. మలుపు వద్ద పక్కకు నెట్టే త్వరణం వేగవర్గాన్ని మలుపు వ్యాసార్ధంతో భాగించగా వచ్చేది; అదీ సరళమే. ఉదాహరణకు 6 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో పార్శ్వ త్వరణం 1 మీ/సె²కు మించరాదంటే వేగవర్గం 6 దాటకూడదు. అంటే వేగం సెకనుకు 2.45 మీటర్లు, గంటకు దాదాపు 8.8 కిలోమీటర్లు.

పరిమితులన్నీ సరళమై, ప్రయాణ కాలం వేగవర్గానికి కుంభాకార ప్రమేయమైనందువల్ల ఈ సమస్య కుంభాకార ఉత్తమీకరణ (ఆప్టిమైజేషన్) తరగతికి చెందుతుంది. అటువంటి సమస్యలో స్థానికంగా దొరికిన ఉత్తమ పరిష్కారమే మొత్తానికీ ఉత్తమమైనది. మెరుగైనది మరెక్కడో దాగి ఉన్నదేమోనన్న సందేహానికి తావుండదు.

చరిత్రను సంగ్రహంగా చూస్తే, 1985లో బోబ్రో, డుబోవ్‌స్కీ, గిబ్సన్‌లు ఒక బృందంగా, షిన్, మెక్‌కేలు విడిగా, నిర్ణీత బాట మీద రోబో చేయి అతి తక్కువ కాలంలో కదిలే పద్ధతిని రూపొందించారు. అంతకు ముందే 1957లో బెల్‌మన్ గ్రంథరూపంలో వివరించిన డైనమిక్ ప్రోగ్రామింగ్ కూడా ఈ సమస్యకు వర్తిస్తుంది. బాటను చిన్న ముక్కలుగా, వేగాన్ని మెట్లుగా విభజించి, గమ్యం నుంచి వెనక్కి లెక్కిస్తూ రావడం దాని పద్ధతి. 2009లో బెల్జియం దేశపు లెవెన్‌లో వెర్‌షూర్, ఆయన సహచరులు కుంభాకార రూపాన్ని స్పష్టపరిచారు. 2018లో సింగపూర్ నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన ఫామ్ ద్వయం ప్రతి బిందువు వద్ద చేరగల వేగాల పరిధిని లెక్కించే వేగవంతమైన పద్ధతిని ప్రచురించారు.

ముందుకొకసారి, వెనుకకొకసారి

విద్యార్థులు కాగితం మీదనే చేసి చూడదగిన పద్ధతి ఒకటి ఉన్నది. బాటను రెండుసార్లు నడవడమే ఆ పద్ధతి. ఒక ట్రాక్టరు 10 మీటర్ల బాట మీద నిలకడ నుంచి బయలుదేరుతున్నదనుకుందాం. ప్రతి 2 మీటర్లకు ఒక బిందువు. గరిష్ఠ వేగం 3 మీ/సె, అంటే వేగవర్గం 9. త్వరణమైనా మందగింపైనా 0.5 మీ/సె²కు మించరాదు. కనుక రెండు మీటర్లలో వేగవర్గం 2 కంటే ఎక్కువ మారదు. 8 మీటర్ల వద్ద ఒక ఇరుకు మలుపు. అక్కడ వేగం 1.5 మీ/సె, అంటే వేగవర్గం 2.25.

మొదట ముందుకు నడవాలి. ప్రతి బిందువు వద్ద చేరగల వేగవర్గాన్ని, అక్కడి పరిమితిని పోల్చి, తక్కువదానిని ఉంచుకోవాలి. అలా 0, 2, 4, 6, 2.25, 4.25 వస్తాయి. ఇందులో 6 నుంచి 2.25కు పడిపోవడం సాధ్యం కాదు. రెండు మీటర్లలో అంత మందగింపు పరిమితికి మించినది. అందువల్ల చివరి నుంచి వెనుకకు నడవాలి. మలుపు వద్ద 2.25 ఉండాలంటే దానికి ముందు బిందువు వద్ద 4.25కు మించకూడదు. కాబట్టి 6 స్థానంలో 4.25 వస్తుంది. అంతకు ముందున్న 4, 2 విలువలు ఇప్పటికే హద్దులోనే ఉన్నాయి. తుది ఫలితం 0, 2, 4, 4.25, 2.25, 4.25. మలుపు ఎదుటికి వచ్చాక కాదు, దానికి రెండు మీటర్ల ముందే వేగం తగ్గాలని వెనుక నడక చెబుతుంది. పరిమితులు ఇంత సరళంగా ఉన్నప్పుడు ఈ రెండు నడకలే కనిష్ఠ కాల పరిష్కారాన్ని ఇస్తాయి.

తక్కువ కాలమే ఉత్తమమా?

పైన చెప్పిన పద్ధతులకు సహజ లక్ష్యం కాలాన్ని తగ్గించడం. కనిష్ఠ కాల పరిష్కారం వాహనాన్ని ఎప్పుడూ ఏదో ఒక పరిమితి అంచున నడుపుతుంది: పూర్తి త్వరణం, వేగ పరిమితి, లేదా పూర్తి మందగింపు. కర్మాగారంలోని రోబో చేతికి ఇది తగును. అయితే లక్ష్యం మారితే ఉత్తమ వేగరేఖ రూపమే మారిపోతుంది.

దీనికి దగ్గరి ఉదాహరణ ఏర్పేడు మీదుగా పోయే గూడూరు–రేణిగుంట రైలు మార్గం. రైలుకు పట్టాలే నిర్ణీత బాట. కాలపట్టికలో రెండు స్టేషన్ల మధ్య వ్యవధి ముందే ఇస్తారు. కాబట్టి అక్కడ తగ్గించవలసినది కాలం కాదు, ఖర్చయ్యే శక్తి. సమతల మార్గంలో దీనికి పాంట్రియాగిన్ సూత్రం నాలుగు దశల సమాధానం ఇస్తుంది: పూర్తి శక్తితో వేగం అందుకోవడం, ఆ వేగాన్ని నిలుపుకోవడం, ఇంజను శక్తిని ఆపి దొర్లుతూ సాగడం, చివర బ్రేకు వేయడం. 1968లో జపాన్‌లో ఇచికావా రైళ్లకు ఈ సిద్ధాంతాన్ని అన్వయించారు. కాలాన్ని తగ్గించే పరిష్కారంలో దొర్లుడు దశకు చోటే లేదు. శక్తిని ఆదా చేసేది ఆ దశే.

పిచికారీ యంత్రానికి లక్ష్యం మూడో రకం. ఆకు మీద మందు సమంగా పడాలి. కాలం, శక్తి ఆ తరువాతివి. ఈ క్రమాన్ని తలకిందులు చేస్తే ఏమవుతుందో ఒక మడి లెక్కతో చూద్దాం.

95 సెంట్ల మడి లెక్క

80 మీటర్ల పొడవు, 48 మీటర్ల వెడల్పు గల మడి దాదాపు 95 సెంట్లు. డ్రోన్ పిచికారీ వెడల్పు 4 మీటర్లు, త్వరణం, మందగింపు 1 మీ/సె², గరిష్ఠ వేగం 5 మీ/సె అనుకుందాం. ప్రతి పట్టీ చివర డ్రోన్ ఆగి, పక్కకు 4 మీటర్లు జరిగి, మళ్లీ బయలుదేరుతుంది. ఆ జరుగుబాటుకు 4 సెకన్లు పడుతుంది. పక్కకు జరిగేటప్పుడు నాజిల్ మూసి ఉంటుంది. పట్టీ మీద మాత్రం పంపు సెకనుకు ఒకే పరిమాణం వదులుతుందని భావిద్దాం.

నిలకడ నుంచి 5 మీ/సె అందుకోవడానికి 12.5 మీటర్లు, ఆగడానికి మరో 12.5 మీటర్లు కావాలి. 48 మీటర్ల పట్టీలో పూర్తి వేగంతో సాగేది 23 మీటర్లే. స్థిర త్వరణంతో సాగేటప్పుడు సగటు వేగం గరిష్ఠ వేగంలో సగం కాబట్టి, ఆ రెండు కొసల్లో సగటున రెట్టింపు మందు పడుతుంది. కొసకు దగ్గరయ్యే కొద్దీ పరిస్థితి మరింత విషమిస్తుంది: 8 మీటర్ల వద్ద 1.25 రెట్లు, 4.5 మీటర్ల వద్ద 1.67 రెట్లు, 2 మీటర్ల వద్ద 2.5 రెట్లు, అర మీటరు వద్ద 5 రెట్లు. బాట దిశను, గరిష్ఠ వేగాన్ని మార్చినప్పుడు వచ్చే ఫలితాలు పట్టికలో ఉన్నాయి. 3 మీ/సె వేగానికి నాజిల్ ప్రవాహాన్ని అదే నిష్పత్తిలో తగ్గించినట్లు భావించాలి.

| బాట దిశ | గరిష్ఠ వేగం | పట్టీలు | మొత్తం సమయం | అసమ మోతాదు పడిన భాగం |
|---|---|---|---|---|
| వెడల్పు వెంట (48 మీ) | 5 మీ/సె | 20 | 368 సెకన్లు | 52 శాతం |
| వెడల్పు వెంట (48 మీ) | 3 మీ/సె | 20 | 456 సెకన్లు | 19 శాతం |
| పొడవు వెంట (80 మీ) | 5 మీ/సె | 12 | 296 సెకన్లు | 31 శాతం |
| పొడవు వెంట (80 మీ) | 3 మీ/సె | 12 | 400 సెకన్లు | 11 శాతం |

మొదటి, చివరి వరుసలను పోల్చి చూడాలి. మొత్తం దూరం రెండింటిలోనూ 960 మీటర్లే. 32 సెకన్లు అదనంగా వెచ్చిస్తే అసమ మోతాదు పడే భాగం సగానికి పైనుంచి తొమ్మిదో వంతుకు తగ్గుతుంది. కొసల్లో సగటున రెట్టింపు పడుతుంది కాబట్టి, చివరి గడిలోని శాతమే వృథాగా ఖర్చయ్యే అదనపు ద్రావణం శాతం కూడా. 10 లీటర్లతో ముగియవలసిన పనికి మొదటి పద్ధతిలో 15 లీటర్లకు పైగా కావాలి. తొట్టిలో ఉన్నది 10 లీటర్లే అయితే చివరి పట్టీలకు మందే అందదు.

ఈ నష్టం కంటికి తేలికగా కనబడదు. గట్ల వెంట పడిన అధిక మోతాదు పక్క కాలువలోకి చేరవచ్చు. కలుపు మందైతే కొసల్లో పైరే వాడవచ్చు. దానిని పోషక లోపంగానో తెగులుగానో పొరపడే అవకాశమూ ఉన్నది. పెద్ద క్షేత్రంలో ఇది స్వల్ప విషయం: అదే 5 మీ/సె వేగంతో 500 మీటర్ల పట్టీలో కొసల వాటా 5 శాతమే. పెద్ద క్షేత్రాలకు సరిపోయే అమరికను చిన్న మడిలో యథాతథంగా వాడినప్పుడు ఆ భారం మోసేది చిన్న రైతే.

పంపును వేగానికి కట్టినా

నేడు అనేక డ్రోన్లలో పంపు ప్రవాహం వేగాన్ని అనుసరించి మారుతుంది. ఇది జడ్డిగం సూత్రమే. అయితే ద్రవచాలక నాజిల్‌లో ప్రవాహం పీడనపు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. ప్రవాహం సగం కావాలంటే పీడనం నాలుగో వంతుకు, ఐదో వంతు కావాలంటే ఇరవై ఐదో వంతుకు తగ్గాలి. అంత తక్కువ పీడనంలో తుంపర విచ్చుకోదు. నాజిల్ 4 నుంచి 1 వరకు పీడన నిష్పత్తిలోనే సరిగా పనిచేస్తుందనుకుంటే, మన ఉదాహరణలో 2.5 మీ/సె కన్న తక్కువ వేగంలో మోతాదు అదుపు తప్పుతుంది. ఆ వేగం అందేది 3.1 మీటర్ల వద్ద. 48 మీటర్ల పట్టీలో అదుపు తప్పే భాగం 52 నుంచి 13 శాతానికి తగ్గుతుంది, పూర్తిగా పోదు.

మిగిలిన దానిని తొలగించడానికి మూడు మార్గాలున్నాయి. వేగం ఆ కనిష్ఠ స్థాయి దాటిన తరువాతనే నాజిల్ తెరవడం మొదటిది. అప్పుడు కొసలను గట్టు వెంట ఒక అడ్డ పట్టీతో విడిగా పూరించాలి. మడి వెలుపలే వేగం అందుకొని లోపలికి రావడం రెండోది. పక్క రైతు పైరు, చెట్లు, విద్యుత్ తీగలు లేనిచోటనే ఇది సాధ్యం. గరిష్ఠ వేగాన్ని తగ్గించడం మూడోది. త్వరణాన్ని పెంచితే సరిపోదా అన్న ప్రశ్న రావచ్చు. త్వరణం 1 మీ/సె² ఉన్నప్పుడు డ్రోన్ దాదాపు 6 డిగ్రీలు వంగుతుంది. 3 మీ/సె² అయితే 17 డిగ్రీలు వంగి తుంపర దిశనే మార్చివేస్తుంది. సగం ఖాళీ అయిన తొట్టిలో ద్రవం ఊగిసలాడుతుంది. ఆ కుదుపును అదుపు చేయడానికి త్వరణపు మార్పు రేటుపై కూడా పరిమితి విధిస్తే సమస్య కుంభాకార స్వభావాన్ని కోల్పోతుంది, లెక్క కష్టమవుతుంది. అందుచేత సాధ్యమైనంతవరకు మృదువైన త్వరణాన్నే ఎంచుకోవడం మేలు.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగినవి

మొదటిది, క్షేత్ర ప్రదర్శనల్లో ఎకరానికి పట్టిన నిమిషాలతో పాటు మోతాదు సమానతను కూడా నమోదు చేయాలి. నీరు తగిలితే రంగు మారే కాగితపు ముక్కలను పట్టీ మొదలు నుంచి 0.5, 2, 4.5, 8, 12.5 మీటర్ల వద్ద, మధ్యలో ఒకచోట ఉంచితే పై లెక్క నిజమో కాదో ఒక్క ఉదయంలో తేలిపోతుంది. యంత్రాన్ని బట్టి త్వరణం మారుతుంది కాబట్టి డ్రోన్ ప్రయాణ నమోదు నుంచి అసలు త్వరణాన్ని తీసుకొని దూరాలను సవరించుకోవాలి.

రెండోది, వేగాన్ని సవరించే ముందు బాట దిశను చూడాలి. పొడవు వెంట పట్టీలు వేయడం ఏ ఖర్చూ లేని మెరుగుదల; మన మడిలో అదొక్కటే సమయాన్ని అయిదో వంతు తగ్గించింది. గాలి దిశ, గట్ల వంకర దానికి అడ్డు వచ్చినప్పుడు మాత్రమే వేరే దిశను ఎంచుకోవాలి.

మూడోది, సిఫారసుల్లో గరిష్ఠ వేగంతో పాటు కనిష్ఠ పిచికారీ వేగాన్ని, పట్టీ కనీస పొడవును పేర్కొనాలి. 5 మీ/సె అమరికకు 25 మీటర్లు కేవలం వేగం అందుకొని ఆగడానికే సరిపోతాయి, మధ్యలో ఏమీ మిగలదు. అంతకన్న చిన్న కయ్యల్లో తక్కువ వేగపు అమరికనో, చేతి పంపునో సూచించడమే న్యాయం.

నాలుగోది, విద్యార్థి పరిశోధనలకు ఇక్కడ విస్తారమైన అవకాశం ఉన్నది. వంకర గట్లున్న కయ్యల్లో ముందు వెనుక నడకల పద్ధతిని అమలు చేయడం, కాలం, అదనపు ద్రావణం అనే రెండు లక్ష్యాలకు వేర్వేరు ప్రాధాన్యాలు ఇచ్చి ఉత్తమ రేఖలను గీయడం, నేలచక్రం జారుడును బట్టి విత్తే వేగాన్ని నిర్ణయించడం వంటివి స్నాతకోత్తర స్థాయిలో చేపట్టదగిన అంశాలు. సెంటీమీటరు స్థాయి స్థాన సమాచారం, పైరు సమాచారం రెండూ కావలసిన పని ఇది. తిరుపతి, ఏర్పేడు సంస్థలు కలిసి చేయడానికి దూరం కూడా అడ్డు కాదు.

ముగింపు

నిర్ణీత బాట మీద వేగాన్ని నిర్ణయించే గణితం పరిణతి చెందినది. దానికి కావలసిన లెక్కలు సాధారణ చేతిఫోను కూడా చేయగలదు. తేలవలసినది లక్ష్యం. యంత్రం తయారీదారుకు గంటకు ఎన్ని ఎకరాలన్నది ముఖ్యం, అద్దెకు నడిపేవారికి రోజుకు ఎన్ని మడులన్నది ముఖ్యం, రైతుకు ప్రతి మొక్కకూ తగినంత మందు అందడం ముఖ్యం. లక్ష్య ప్రమేయంలో ఈ మూడింటిలో ఏది మొదట రాయాలో కంప్యూటరు చెప్పదు. రైతు పక్షాన దానిని రాసి ఇవ్వవలసినది వ్యవసాయ శాస్త్రవేత్తే.